ఎలక్ట్రీషియన్ రాగానే మాయమయ్యే లోపం

కోనసీమలో ముసురు పట్టిన రోజున ఎలక్ట్రీషియన్ దొరకరు. వాన వెలిసి, ఎండ కాసి, ఆయన తీరిక చేసుకుని వచ్చేసరికి ఇంట్లో అన్నీ బుద్ధిగా పనిచేస్తుంటాయి. స్విచ్చులన్నీ వేసి చూస్తారు, టెస్టర్ పెట్టి చూస్తారు, మెయిన్ దగ్గర రెండు స్క్రూలు బిగిస్తారు. "ఇప్పుడైతే ఏమీ లేదండీ, మళ్లీ వస్తే కబురు చెయ్యండి" అని బండెక్కుతారు. తెల్లవారుజామున ఇల్లంతా మళ్లీ చీకటి. ఇందులో ఆయన చేతగానితనం ఏమీ లేదు. కొలిచే సమయానికి లేని లోపం ఏ మీటరుకూ అందదు.

తెగిపోయిన వైరును పట్టుకోవడం తేలిక. ఎక్కడి దాకా కరెంటు ఉంది, ఎక్కడి నుంచి లేదు అని చూసుకుంటూ పోతే చాలు. వచ్చిపోయే లోపంతో ఆ పని జరగదు. అలాగని అది వేళాపాళా లేకుండా తనకు తోచినప్పుడు వస్తుందంటే మాత్రం నేను ఒప్పుకోను. అలాంటి ప్రతి లోపానికీ ఒక తోడు ఉంటుంది. లోడు పడినప్పుడు వస్తుంది, లేదా వేడెక్కినప్పుడు వస్తుంది, లేదంటే తేమ పట్టినప్పుడో, ఏదైనా కదిలినప్పుడో వస్తుంది. ఆ తోడు ఏదో తేలితే ఇల్లంతా గాలించే పని తప్పుతుంది. కాబట్టి ఎక్కడ అని అడగడానికి ముందు ఎప్పుడు అని అడగాలి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే.

ఎప్పుడన్నది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. దీనికి పాల లెక్క రాసుకునే క్యాలెండరు చాలు. లైట్లు మినుకుమన్నా, ట్రిప్ అయినా ఆ తేదీ గడిలో నాలుగు ముక్కలు రాయండి. ఎన్ని గంటలకు, ఏమేమి నడుస్తున్నాయి, వానా ఎండా, లైను కరెంటా ఇన్వర్టరా, పక్కింట్లో కూడా అలాగే అయిందా. ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. పక్కింట్లోనూ అదే సమయానికి లైట్లు మసకబారి ఉంటే, మీ ఇంటి గోడలు తవ్వించుకోవలసిన అవసరం బహుశా లేదు.

ఇలా రాసిపెట్టుకుంటే లోపాలు రెండు జాతులుగా విడిపోతాయి. మొదటి జాతిలో కరెంటు తన దారిలోనే పోతుంది, కానీ దారిలో ఎక్కడో అడ్డం తగులుతుంది. లైట్లు మినుకుమంటాయి, ఫ్యాను నెమ్మదిస్తుంది, ప్లగ్గు వేడెక్కుతుంది. రెండో జాతిలో కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి కారుతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే పడిపోయే బ్రేకరు) పడిపోతుంది, లేదా ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటాయి. ఈ రెండింటినీ వెతికే పద్ధతులు వేరు, పనిముట్లు వేరు. ఒకదాని పనిముట్టుతో రెండోదాన్ని వెతకడం వల్లే చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి లోపం అలాగే ఉండిపోతుంది.

వదులు జాయింటు

మొదటి జాతిలో ఎక్కువ భాగం వదులు కనెక్షన్లే. రెండు వైర్లను చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, పైపులోకి తోసేసిన ముడి. స్క్రూ సగమే బిగించిన సాకెట్. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే బ్రేకరు) కింద ఒక పక్కకు జారిన తీగ. ఇవి మొదటి రోజే చెడిపోవు. గీజర్ వేసినప్పుడల్లా వేడెక్కి వ్యాకోచిస్తాయి, కట్టేశాక చల్లారి ముడుచుకుంటాయి. కొన్నేళ్లు ఇలా సాగితే పట్టు వదులవుతుంది, రాగి మీద నల్లటి ఆక్సైడు పొర కడుతుంది, నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది.

లెక్క వేస్తే దీని తీవ్రత తెలుస్తుంది. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. జాయింటులో అర ఓమ్ నిరోధం చేరితే చాలు, 38 వాట్ల వేడి శనగగింజంత చోట పుడుతుంది. ఆ వేడికి టేపు జిగురు కరుగుతుంది, సాకెట్ పలక గోధుమరంగుకు తిరుగుతుంది. అయినా ఎంసీబీ పడదు. ఎందుకు పడుతుంది? దారిలో అడ్డం వస్తే కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. ఆర్‌సీసీబీ కూడా పడదు, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ గుండా తిరిగి వస్తూనే ఉంది. "అన్నీ ఆటోమేటిక్ బ్రేకర్లే కదా, ప్రమాదం ఉంటే పడిపోయేవే" అనే ధైర్యం ఈ ఒక్క లోపం దగ్గర పనికిరాదు. స్విచ్‌బోర్డులు కాలిపోయే ప్రమాదం ఉన్నది సరిగ్గా ఇక్కడే.

ముక్కు కూడా ఇక్కడ పనికొస్తుంది. కొన్ని రకాల స్విచ్చుల, సాకెట్ల ప్లాస్టిక్ మాడేటప్పుడు చేపల వాసన వస్తుంది. చేపలు వండని రోజున, వంటింట్లో కాకుండా పడకగది మూల నుంచి ఆ వాసన వస్తే అక్కడి బోర్డు కట్టేసి చూపించాలి. భీమవరం, నరసాపురం ఇళ్లలో ఈ ఆనవాలు పట్టడం కొంచెం కష్టమేననుకోండి.

ఇక టెస్టర్ సంగతి. మన ఊళ్లలో జేబులో టెస్టర్ ఉంటే ఎలక్ట్రీషియనే. ఆ నియాన్ టెస్టర్‌లో చాలా పెద్ద నిరోధకం ఉంటుంది, దాని గుండా పోయే కరెంటు మిల్లీ ఆంపియరులో చిన్న భాగం. అంత తక్కువ కరెంటుకు వదులు జాయింటు అడ్డమే కాదు. అందుకే టెస్టర్ దివ్యంగా వెలుగుతుంది, ఫ్యాను మాత్రం తిరగదు. అసలు ఫేజ్ ఉందా లేదా అన్నదే టెస్టర్ చెబుతుంది, ఆ ఫేజ్ బరువు మోయగలదా అన్నది చెప్పదు. అయితే ఒక్క విషయంలో దాని మాట వినాలి. సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగితే ఫేజ్ రెండుసార్లు వచ్చిందని కంగారు పడనక్కర్లేదు, న్యూట్రల్ ఊడిపోయిందని అర్థం. ఫేజ్ ఏదో ఒక బల్బు గుండా న్యూట్రల్ తీగలోకి దిగి, తిరిగి వెళ్లే దారిలేక అక్కడే నిలిచింది. ఆ 'న్యూట్రల్' తీగ ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

డిజిటల్ మల్టీమీటరు కూడా అమాయకుల్ని మోసం చేయగలదు. దేనికీ తగిలించని తీగ ఇంకో తీగ పక్కన పైపులో పడుకుని ఉంటే, దాని మీద 80, 100 వోల్టులు చూపిస్తుంది. ఒక బల్బు తగిలిస్తే ఆ వోల్టేజి ఆవిరైపోతుంది. పాతకాలం వాళ్లు హోల్డరుకు రెండు వైర్లు కట్టి 100 వాట్ల బల్బుతో పరీక్షించేవారు. ఆ బల్బు నిజంగా కరెంటు లాగుతుంది కాబట్టి బాగా చెడిన జాయింటు దాని ముందు దాగదు. అలాంటి జాయింటు ఉంటే బల్బు మసకబారుతుంది. ఈ విషయంలో వాళ్ల పద్ధతే మెరుగు.

దాన్నే అంకెల్లో చేయాలంటే లోడు వేసి వోల్టేజి కొలవాలి. ఇది కరెంటు ఉండగా చేసే పని, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతికే వదలాలి. ఆయన ఏం చేస్తున్నారో అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాను. వెనుక వసారాలోని సాకెట్‌లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టారు. మెయిన్ దగ్గర 225 వోల్టులు కదలకుండా ఉన్నాయి, సాకెట్‌లో 205కు పడిపోయాయి. కరెంటు దాదాపు 4 ఆంపియర్లు. మెయిన్ నుంచి వసారాకు 20 మీటర్ల దూరం, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. పోనూ రానూ కలిపితే దాని నిరోధం దాదాపు అర ఓమ్, అంటే వైరులో పోవలసింది 2 వోల్టులు. పోయింది 20. మిగిలిన 18 వోల్టులు ఏదో ఒక చోట, 70 వాట్ల వేడిగా మారుతున్నాయి. ఇస్త్రీపెట్టె తీయకుండా దారిలోని ఒక్కో బోర్డు దగ్గరా కొలుచుకుంటూ పోవాలి. ముందుగదిలో 224, మధ్యగదిలో 223, వసారాలో 205 అని వస్తే తగువు మధ్యగదికి, వసారాకు నడుమ ఉంది. ఆ రెండు బోర్డులూ, మధ్యలో జంక్షన్ పెట్టె ఉంటే అదీ, మెయిన్ కట్టేసి విప్పి చూస్తే చాలు. ఇల్లంతా వైరింగ్ మార్చమని చెప్పేవారిని ముందు ఈ అంకెలు అడగండి.

లోపం కదలికతో వస్తుంటే పద్ధతి మారుతుంది. తలుపు వేసినప్పుడు, మిక్సీ అదిరినప్పుడు లైటు ఆరితే ఆ గోడ మీద బోర్డునే చూడాలి. పాత పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో చెక్క పలకల మీద వేసిన వైరింగ్ ఇంకా కొన్నిచోట్ల బతికే ఉంది. దాని తొడుగు పెళుసుబారి, అటక మీద ఎలుకలు కొరికి, గాలి వీచినప్పుడు మాత్రమే తగులుతుంటుంది. అక్కడ లోపాన్ని వెతకడం దండగ, ఆ భాగం మొత్తం మార్చేయడమే మంచిది. స్విచ్ మూడుసార్లు నొక్కితే గాని ఫ్యాను తిరగకపోతే విప్పి చూడండి, చచ్చిన చీమల కుప్ప ఉండవచ్చు.

తేమ, ఉప్పు, ఆర్‌సీసీబీ

రెండో జాతి లోపాలకు డెల్టా పుట్టిల్లు. ధవళేశ్వరం దాటి దిగువకు వస్తే ఎటు చూసినా కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. ఏడాదిలో చాలా కాలం నీరు నేలకు చేరువలోనే ఉంటుంది, గోడలు కిందినుంచి చెమ్మ పీలుస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళితే సముద్రపు గాలి తోడవుతుంది. ఆ గాలి మోసుకొచ్చే ఉప్పు స్విచ్‌బోర్డు లోపల, మీటరు పెట్టెలో సన్నటి పొరగా పేరుకుంటుంది. ఎండుగా ఉన్నంతసేపూ ఆ పొర వల్ల నష్టం లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీలాగే అది కూడా నీరు పీల్చుకుని తడిసిపోతుంది. ఉప్పునీటి పొర గుండా కరెంటు పారుతుంది. తేమ గరిష్ఠంగా ఉండేది తెల్లవారుజామున. అందుకే కొన్ని ఇళ్లలో ఆర్‌సీసీబీ సూర్యోదయానికి ముందు పడిపోతుంది, పొద్దెక్కాక ఎన్నిసార్లు వేసినా నిలుస్తుంది. మీ క్యాలెండరులో గంటలన్నీ నాలుగు, అయిదు అని ఉంటే దెయ్యాన్ని కాదు, ఉప్పును అనుమానించండి.

డాబా ఇళ్లలో ఇంకో వేషం ఉంది. స్లాబులో వేసిన పైపుల్లోకి, ఫ్యాను హుక్కు పెట్టెల్లోకి వాననీరు మెల్లగా దిగుతుంది. ఆ ప్రయాణానికి సమయం పడుతుంది కాబట్టి వాన వెలిసిన మర్నాడో, మూడో రోజో ట్రిప్ మొదలవుతుంది. ఎండ కాస్తుండగా ట్రిప్ అవుతోంది కనుక వానకు సంబంధం లేదనుకుని అందరూ ఫ్రిజ్‌ను తిట్టుకుంటారు.

ఆర్‌సీసీబీ ఏం చూస్తుందో తెలిస్తే దాని ప్రవర్తన అర్థమవుతుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అన్నది ఒక్కటే దాని లెక్క. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా 30కి చేరితే అది తప్పక పడాలి, కానీ 15 దాటాక ఎక్కడైనా పడవచ్చు. టీవీ, కంప్యూటర్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీ లాంటివి పాడవకుండానే తలా కొంచెం ఎర్త్‌లోకి వదులుతాయి. అన్నీ కలిసి 10 మిల్లీ ఆంపియర్ల దాకా చేరిన ఇంట్లో, చెమ్మగోడ ఇంకో ఎనిమిది కలిపితే కథ ముగిసిపోవచ్చు. ఆ క్షణంలో చివరగా స్విచ్ వేసిన వస్తువు మీద నేరం పడుతుంది. దాన్ని బయట పెట్టగానే ట్రిప్పులు ఆగుతాయి కూడా. కొత్తది కొన్నాక, తర్వాతి ముసురుకు మళ్లీ మొదలు.

కొన్నిసార్లు ఫ్రిజ్ నిజంగానే దోషి. మంచు కట్టని రకం ఫ్రిజ్‌లలో కొన్ని గంటలకోసారి మంచు కరిగించే హీటరు దానంతట అది వేసుకుంటుంది. ఆ హీటరు పాడైతే రోజుకు రెండు మూడుసార్లు, ఎవరూ ఏమీ ముట్టుకోని సమయంలో ట్రిప్ అవుతుంది. గీజర్ కాయిల్ పగులు బారితే వేసిన కాసేపటికి, వేడెక్కాక పడుతుంది. ఆ పది నిమిషాల ఆలస్యమే దాని ఆనవాలు.

అన్నింటికన్నా తిప్పలు పెట్టేది న్యూట్రల్ తీగ ఎర్త్‌కు తగలడం. న్యూట్రల్‌లో వోల్టేజి దాదాపు సున్నా కాబట్టి తగిలినా నిప్పులు రావు, షాక్ కొట్టదు, ఎంసీబీ పడదు. కానీ ఇంట్లో ఏ మూల పెద్ద లోడు వేసినా, తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ తగిలిన చోట నేలలోకి జారుకుంటుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. పైగది గీజర్ వేస్తే ట్రిప్ అవుతుంది, లోపం మాత్రం పెరటి పంపు వైరులో ఉంటుంది. మామూలు ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే కోస్తుంది, న్యూట్రల్‌ను కోయదు. అందువల్ల ఎంసీబీలు అన్నీ దించేసినా కొన్నిసార్లు ట్రిప్ అవుతూనే ఉంటుంది. వీధి లైను న్యూట్రల్‌లో ఉండే ఒకటి రెండు వోల్టులే అందుకు చాలు. "అన్నీ ఆపేసినా పడుతోంది, కాబట్టి ఆర్‌సీసీబీయే పోయింది" అని కొత్తది పెట్టేవారు ఇక్కడే పొరబడుతున్నారు. న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) నుంచి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్‌నూ విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

అలా విడదీశాక కొలవడానికి మెగ్గర్ (వైరు తొడుగు నిరోధాన్ని కొలిచే మీటరు) కావాలి. 500 వోల్టుల డీసీ పెట్టి, ఫేజ్, న్యూట్రల్ కలిపి ఒక పక్క, ఎర్త్ మరో పక్క ఉంచి నిరోధం చూస్తారు. ముందుగా ఎల్‌ఈడీ బల్బులు, టీవీ, చార్జర్లు అన్నీ తీసేయాలి, లేకపోతే అవి పాడవుతాయి. కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. బాగున్న వైరింగ్ అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. తక్కువ వచ్చిన సర్క్యూట్‌ను మధ్య బోర్డు దగ్గర రెండు ముక్కలు చేసి, చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేసి, ఇలా పోతే పది బోర్డుల ఇంట్లో నాలుగు కొలతలతో చోటు దొరుకుతుంది. ఈ పని ఎండలో కాక ముసురులోనే చేయాలి. మధ్యాహ్నం 50 మెగాఓమ్‌లు చూపిన వైరే తెల్లవారుజామున అర మెగాఓమ్ చూపవచ్చు. క్యాలెండరు చూపించి, ఫలానా వేళకు రమ్మని అడిగి, ఆ వేళకు తగ్గ కూలి ఇవ్వండి. ఎండ కాసే రోజున నాలుగుసార్లు పిలిపించడం కన్నా అదే చవక.

మెగ్గర్ లేకపోతే మిల్లీ ఆంపియర్లు చూపే క్లాంప్ మీటరు ఉన్నవారిని వెతకండి. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి దాని దవడలో పెడితే, పోయిందీ వచ్చిందీ కొట్టేసుకుని కారుతున్నది మాత్రమే కనిపిస్తుంది. మామూలు క్లాంప్ మీటరు ఇంత చిన్న అంకెలను పట్టలేదు.

ఇన్వర్టర్ పెట్టిన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. కరెంటు పోయినంతసేపూ అన్నీ బాగుంటాయి, కరెంటు రాగానే ఆర్‌సీసీబీ పడుతుంది, అదీ ఒక్కోసారే. ఇన్వర్టర్‌కు ఫేజ్ ఆర్‌సీసీబీ దాటాక తీసుకుని, ఏదో ఒక లైటు న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌తో కలిపేస్తే ఇలా అవుతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు ఆర్‌సీసీబీ గుండా పోదు కనుక ఏమీ తెలియదు. లైను రాగానే వెళ్లేది లోపలినుంచి, తిరిగొచ్చేది బయటినుంచి. 9 వాట్ల బల్బు కూడా దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, ట్రిప్ కావడానికి అది చాలు. ఆ బల్బు స్విచ్ వేసి ఉన్న రోజే పడుతుంది, లేని రోజు పడదు. ఇక్కడే ఒక హెచ్చరిక. మెయిన్ దించినంత మాత్రాన ఇంట్లో కరెంటు లేనట్లు కాదు, ఇన్వర్టర్ ఇంకా ఇస్తూనే ఉంటుంది. బోర్డు విప్పే ముందు దాన్ని కూడా కట్టేసి, వైరు విప్పి ఉంచాలి.

గోడ బయటి లోపాలు

పక్కింట్లోనూ అదే జరుగుతుంటే లైను వైపు చూడాలి. ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు వోల్టేజి కుంగడం మామూలే. మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటి కన్నా అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. కొబ్బరితోటల్లో గాలికి మట్టలు తీగలను తాకి లైట్లు మినుకుమంటాయి. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియంది. మీటరు దగ్గర దాన్ని రాగితో కలిపిన చోట ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది.

వీటిలో ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. కొన్ని లైట్లు మసకబారి, మరికొన్ని మామూలు కన్నా కాంతిగా వెలిగినా, ఒకరింట్లో గుడ్డివెలుగు, పక్కింట్లో బల్బులు పేలడం జరిగినా, మూడు ఫేజ్‌ల లైనులో న్యూట్రల్ తెగిందని గుర్తు. అప్పుడు వేర్వేరు ఫేజ్‌ల మీదున్న రెండిళ్లు 400 వోల్టుల నడుమ ఒకదాని వెనుక ఒకటి చేరతాయి. మూడో ఫేజ్ మీద లోడు లేదనుకుందాం. ఒక ఇంట్లో 1000 వాట్లు, ఇంకో ఇంట్లో 200 వాట్లు నడుస్తుంటే, మొదటి ఇంటికి దక్కేది 67 వోల్టులు, రెండో ఇంటికి 333. తక్కువ వాడుకున్నవారి టీవీయే ముందు కాలిపోతుంది. అలాంటప్పుడు మెయిన్ దించేసి, లైన్‌మన్‌కు గానీ కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు గానీ ఫోన్ చేయాలి. 'ఫేజ్ మార్చితే సరిపోతుంది' అని చేంజోవర్ తిప్పుకుంటూ కూర్చోకూడదు. స్టెబిలైజర్ కూడా ఇలాంటి చోట లోపాన్ని దాచిపెడుతుందే తప్ప తీర్చదు.

దాచిపెట్టే పనుల్లో అతి నీచమైనది ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం. మాటిమాటికీ పడుతోందని 30 మిల్లీ ఆంపియర్లది తీసి 300ది పెట్టడం కూడా ఆ కోవలోదే. 300ది అగ్నిప్రమాదాన్ని ఆపడానికి ఉద్దేశించినది, తడి చేత్తో ముట్టుకున్న మనిషిని కాపాడడానికి కాదు.

చివరగా వరద తాకిన ఇళ్ల మాట. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. అలాంటి ఇళ్లలో నీరు తీశాక గోడలు ఎండాయని కరెంటు వేసేస్తారు, లైట్లు వెలుగుతాయి, అంతా బాగుందనుకుంటారు. వైరు తొడుగు మంచిదైతే తట్టుకుంటుంది, పైపుల్లో నీరు తీసి మెగ్గర్ పెట్టి చూస్తే సరిపోతుంది. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు మాత్రం ఎండబెట్టి వాడుకోవడానికి వీల్లేదు. లోపల చేరిన ఒండ్రు కాంటాక్టుల మధ్య, స్ప్రింగు మీద ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత ఎప్పుడో మొదలయ్యే మినుకులకు అదే కారణమవుతుంది. అవసరమైన క్షణంలో ఆర్‌సీసీబీ పడకపోవడానికి కూడా. టెస్ట్ బటన్ నొక్కితే పడిందన్న భరోసాతో మునిగినదాన్ని ఉంచుకోకండి, నీరు చేరిన ఎత్తు గోడ మీద చూసి, ఆ గీతకు కింద ఉన్నవన్నీ కొత్తవి వేయించండి.